షంటు వేసిన బాబుకు కడుపు ఉబ్బుతోంది

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబుకు తలలో నీరు చేరితే ఏడాది వయసులో షంటు వేశారు. రెండు వారాలుగా కడుపు ఉబ్బి, వాంతులవుతున్నాయి. గ్యాస్ అని మందిచ్చారు. షంటుకూ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉండవచ్చునమ్మా, అందుకే ఆలస్యం చేయకుండా ఈ రోజే న్యూరోసర్జన్‌కు చూపించండి. మెదడులో ఎక్కువైన ద్రవాన్ని షంటు గొట్టం చర్మం కింద చెవి వెనుక నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి దించుతుంది. అక్కడ పొట్ట లోపలి గోడను, పేగులను కప్పి ఉండే పెరిటోనియం పొర దాన్ని పీల్చుకుంటుంది. ఆ పొరకు ఇన్ఫెక్షన్ సోకితే ద్రవం ఇంకక, గొట్టం కొస చుట్టూ సంచిలా నిలిచిపోతుంది. దీన్నే సూడోసిస్ట్ అంటారు. జ్వరం లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని అనుకోకూడదు. అల్ట్రాసౌండ్‌లో ఈ సంచి సాధారణంగా తెలిసిపోతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే షంటును తీసేసి లేదా గొట్టాన్ని బయటికి మళ్లించి, యాంటీబయాటిక్స్‌తో ద్రవం శుభ్రపడ్డాక కొత్త షంటు వేస్తారు.

అరుదుగా గొట్టం పేగును తొలుచుకుని మలద్వారం దగ్గర సన్నని తెల్లని కొసగా కనిపించవచ్చు. దాన్ని మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ లాగవద్దు. వాంతులతో పాటు బాబు మగతగా పడుకున్నా, తలనొప్పి అన్నా, రాత్రైనా సరే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, షంటు ఉన్న సంగతి ముందుగా చెప్పండి.