కొత్త స్టీరియో పెట్టాలంటే కారు ఒరిజినల్ వైర్లు కత్తిరించాలా?

అక్కర్లేదు, మీ కారు మోడల్‌కి సరిపోయే హార్నెస్ అడాప్టర్, అదే షాపుల్లో కప్లర్ అంటారే, అది కొంటే ఒక్క వైరు కూడా కత్తిరించకుండా పని అయిపోతుంది.

కంపెనీ స్టీరియో వెనకాల ప్లగ్ ఒక ఆకారంలో, బయట కొన్నదాని ప్లగ్ ఇంకో ఆకారంలో ఉంటాయి. అడాప్టర్‌కి ఒక కొస కారు ప్లగ్‌లోకి, రెండో కొస కొత్త స్టీరియోలోకి వెళ్తుంది కాబట్టి బ్యాటరీ, ఇగ్నిషన్, ఎర్త్, స్పీకర్ లైన్లు వేటికవే కలుస్తాయి. కారు అమ్మేటప్పుడు పాత స్టీరియో మళ్లీ బిగించుకోవచ్చు కూడా.

బెంగళూరు జేసీ రోడ్డులో స్విఫ్ట్‌కి కొంటున్నారనుకోండి, ఊరికే "స్విఫ్ట్ కప్లర్" అనకుండా ఏ సంవత్సరం కారో, ఏ వేరియంటో, స్టీరియో ఏదో చెప్పి తీసుకోండి, ఎందుకంటే ఒకే పేరున్న కారులో కూడా ప్లగ్ మారుతుంది.

చాలామంది పొరబడేది రంగుల దగ్గర. కొత్త స్టీరియోల్లో మామూలుగా పసుపు బ్యాటరీకి, ఎరుపు ఇగ్నిషన్‌కి, నలుపు ఎర్త్‌కి వస్తాయి, కానీ కారు వైర్లకు ఆ లెక్క వర్తించదు, అక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. రంగు చూసి రంగు కలిపితే ఫ్యూజ్ పోవచ్చు, స్పీకర్ నెగటివ్‌ని ఎర్త్‌కి తగిలిస్తే స్టీరియోలోని ఆంప్లిఫయరే పోవచ్చు. అలాగే ప్లగ్ పట్టిందంటే అన్నీ పనిచేస్తాయనీ కాదు: స్టీరింగ్ బటన్లకు చాలా కార్లలో విడిగా ఇంకో మాడ్యూల్ కావాలి, డబ్బులిచ్చే ముందే అది అడగండి.