కారు కిందికి దూరే ముందు ఇది చదువు

కార్తీక్,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, మెల్‌బోర్న్‌లో నువ్వు కారు వెనక భాగం మొత్తం కిందికి దించి, సబ్‌ఫ్రేమ్‌ని, అంటే వెనక చక్రాల ఆర్ములన్నీ బిగించి ఉండే ఇనుప చట్రాన్ని, పైకెత్తి బిగిస్తావట, నిజమేనా అని నన్ను అడిగాడు. వాడి గొంతులో టెన్షన్. నాకూ టెన్షనే, కానీ ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వుకున్నాను. ఆటోనగర్‌లో నా షెడ్డుకి సెలవుల్లో వచ్చి, కిరోసిన్ పళ్ళెంలో నట్లు కడిగి సైజులవారీగా పేర్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడు గుర్తొచ్చాడు. చేతులు మసి చేసుకోవడం నీకు అప్పుడే ఇష్టం.

నువ్వు చేయబోయేది సరైన పనే, ముందు ఆ మాట చెప్పాలి. నీ నిస్సాన్ 180ఎస్ఎక్స్ లాంటి కారుని నేలకి దగ్గరగా దించినవాళ్ళలో చాలామంది స్ప్రింగులు మార్చి అక్కడితో ఆపేస్తారు. కారు అందంగా కనిపిస్తుంది, మలుపులో మాత్రం మాట వినదు. ఎందుకో నీకు తెలిసే ఉంటుంది, అయినా నా పద్ధతిలో చెబుతాను. వెనక ఆర్మ్‌ని, అంటే చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కి కలిపే కడ్డీని, గడియారం ముల్లు అనుకో. ముల్లు 3 దగ్గర అడ్డంగా ఉంటే, కొంచెం పైకీ కిందికీ కదిలినా దాని కొన పక్కకి జరగదు. అదే ముల్లు 2 దగ్గరికి వెళ్ళిందంటే, కొంచెం కదిలినా కొన లోపలికి లాక్కుంటుంది. కారు దించినప్పుడు నీ ఆర్ములన్నీ 2 వైపు తిరిగాయి. అందుకే గుంత వచ్చినప్పుడల్లా క్యాంబరూ (చక్రం నిలువులో వాలే వంపు), టో (చక్రం ముందుకి చూసే దిశ) మారుతున్నాయి, టైరు లోపలి అంచు అరుగుతోంది. రోల్ సెంటర్, అంటే మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బాడీ కంటే ఎక్కువ కిందికి పడిపోయింది కాబట్టి, కారు ఎత్తు తగ్గినా మలుపులో పక్కకి ఒరగడం తగ్గలేదు. సబ్‌ఫ్రేమ్‌ని బాడీలోకి పైకి జరిపితే ఆర్ముల లోపలి కొనలు పైకి వెళ్ళి, ముల్లు మళ్ళీ 3 వైపు వస్తుంది. కారు ఎత్తు మారదు, ఎందుకంటే నీ కారులో డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) బాడీకీ చక్రం ఉన్న హబ్‌కీ మధ్యే ఉంటుంది. క్రౌన్ (వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ల డబ్బా) కూడా సబ్‌ఫ్రేమ్‌తోపాటే లేస్తుంది కాబట్టి యాక్సిల్ షాఫ్టుల వంపు కూడా తగ్గుతుంది.

ఒక లెక్క మాత్రం మర్చిపోకు. నువ్వు కారుని 50 మి.మీ. దించానన్నావు. సబ్‌ఫ్రేమ్‌ని బాడీకి కలిపే చోట రబ్బరువి తీసి నువ్వు వేయబోయే అల్యూమినియం బుష్‌లు దాన్ని 20 మి.మీ. ఎత్తితే పోయినదాంట్లో సగం కూడా వెనక్కి రాదు. నా మాట వింటే కారుని ఒక 20 మి.మీ. పైకి తెచ్చుకో. అక్కడ కారుకీ నేలకీ మధ్య 100 మి.మీ. ఖాళీ ఉండాలన్న నిబంధన కూడా ఉంది కదా. ఈ మార్పు గురించి పని మొదలుపెట్టకముందే వాస్ ఇంజినీరుని, అంటే అక్కడ కారు మార్పుల్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఇంజినీరుని, అడుగు. అన్నీ బిగించాక అడిగితే మళ్ళీ విప్పాల్సి రావచ్చు.

నాలుగు బుష్‌లూ ఒకే ఎత్తువి వెయ్యి. ముందు ఒక ఎత్తువీ వెనక ఇంకో ఎత్తువీ వేస్తే సబ్‌ఫ్రేమ్ వాలిపోయి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కారు కూర్చునే తీరే మారిపోతుంది. పాత రబ్బరుని గ్యారేజీలో మంట పెట్టి కాల్చొద్దు, ఆ పొగ మంచిది కాదు. హ్యాక్సా బ్లేడుతో కోసి తీయి, ఆలస్యమైతే అవనీ.

ఇక అసలు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మీ మెల్‌బోర్న్ పక్కనే డాండెనాంగ్‌లో ఒక వర్క్‌షాపులో చేరిన రెండో ఏడు. నీ వయసు కుర్రాడొకడు ఇలాంటి నిస్సానే తెచ్చాడు. సబ్‌ఫ్రేమ్ దించాలి. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళు లారీ హౌసింగులు దించినవాణ్ణి, నాకిదో లెక్కా అనుకున్నాను. క్రౌన్ కింద ఒకే జాకీ పెట్టాను. బ్రేకు ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే కాలిపర్లు విప్పలేదు, ఎందుకంటే నాలుగు అంగుళాలే దించుతాను కదా అనుకున్నాను. నాలుగో నట్టు వదలగానే సబ్‌ఫ్రేమ్ ఎడమవైపు ఒరిగింది. ఆ బరువు ఒక్క క్షణం ఎడమ చక్రం బ్రేకు హోస్ (కాలిపర్‌కి ఆయిల్ తీసుకెళ్ళే రబ్బరు గొట్టం) మీద పడింది. చేత్తో పట్టుకుని జాకీ సర్దాను. హోస్‌ని వేళ్ళతో తడిమి, వంచి చూశాను. బయట ఒక్క గీత కూడా లేదు. బాగానే ఉందనుకుని పని పూర్తిచేసి కారు ఇచ్చేశాను.

హోస్ లోపలి పొర చిరిగింది. అది బయటికి కనపడదు. చిరిగిన ముక్క తలుపులా తయారవుతుంది, పెడల్ తొక్కితే ఆయిల్‌ని లోపలికి పోనిస్తుంది, వదిలితే వెనక్కి రానివ్వదు. ప్యాడ్ డిస్క్‌ని పట్టుకునే ఉండిపోతుంది. ఆ కుర్రాడు వారం తర్వాత చెల్లెలిని ఎక్కించుకుని కొండల రోడ్డు మీదికి వెళ్ళాడు. దిగువకి వస్తుంటే ఎడమ వెనక చక్రం పొగలు కక్కింది, వేడికి ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడి కిందికి పోయింది. గేర్లు తగ్గించుకుంటూ, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒక మలుపు పక్కనున్న ఖాళీ స్థలంలో ఎలాగో ఆపాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు.

కారుని ట్రక్కు మీద తెచ్చారు. ఆ హోస్‌ని నేనే విప్పి, బ్లేడుతో నిలువుగా చీల్చాను. లోపల నల్లటి రబ్బరు నాలుక ఒకటి, నా చిటికెన వేలి గోరంత, వేలాడుతోంది. ఆ పిల్ల కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతోంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆమె ముఖంలోకి నేను చూడలేకపోయాను. ఇవాళ్టికీ ఎవరైనా ఘాట్ రోడ్డు మీదికి వెళ్తున్నామంటే నాకు ముందు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

కాబట్టి ఒరేయ్, రెండు కాలిపర్లూ విప్పు. విప్పి బైండింగ్ వైరుతో బాడీకి కట్టు, హోస్ వదులుగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ కేబుళ్ళు కూడా వదిలించు. సబ్‌ఫ్రేమ్ కింద రెండు జాకీలు పెట్టు, రెండో జాకీ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. కారుని గట్టి స్టాండుల మీద నిలబెట్టి, కిందికి దూరే ముందు భుజంతో గట్టిగా నెట్టి చూడు. ఒంటరిగా చేయకు. నీ రూమ్మేట్‌కి బిర్యానీ పెట్టించి అయినా పక్కన కూర్చోబెట్టుకో.

ఎక్కించేటప్పుడు క్రౌన్ పైకి వెళ్ళింది కదా, జాయింట్ షాఫ్ట్ వంపు చూసుకో. గేరుబాక్సు ఫ్లాంజీ, క్రౌన్ ఫ్లాంజీ రెండూ సమాంతరంగా ఉండాలి, యాంగిల్ గేజ్ పెట్టి చూడు. సైలెన్సర్ పైపు ఎక్కడా తగలకూడదు. ఆర్ములకి రబ్బరు బుష్‌లు ఉంటే, చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు. తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ తప్పదు, సబ్‌ఫ్రేమ్ మిల్లీమీటరు పక్కకి జరిగినా కారు అడ్డదిడ్డంగా నడుస్తుంది. అల్యూమినియం బుష్‌లు కాబట్టి క్రౌన్ రొద లోపలికి వినిపిస్తుంది, కంగారుపడకు.

హోస్‌లు ఎన్నేళ్ళవో నాకు చెప్పు. కారుతోపాటు వచ్చినవే అయితే చూడొద్దు, తడమొద్దు, నాలుగూ కొత్తవి వెయ్యి. డబ్బులు నేను పంపిస్తాను, మీ నాన్నకి చెప్పకు.

శనివారం పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడతానన్నావట. మనకి అప్పుడు తెల్లవారుజాము నాలుగున్నర. నేను లేచే ఉంటాను. నట్లు వదిలే ముందు, కాలిపర్లు వైరుకి వేలాడుతున్న ఫొటో రెండువైపులవీ పంపు. నేను సరే అనేదాకా జాకీ దించకు.

పెదనాన్న