పాఠకుల ప్రశ్న: ఊగే డచ్ సింగిల్

ప్రశ్న: డచ్ అమ్మాయిల బృందం ‘లవ్’ 1978లో పాడిన ‘యూ ఆర్ ది గ్రేటెస్ట్ లవర్’ 7 అంగుళాల రికార్డు నా దగ్గరుంది. మధ్యలో పెద్ద రంధ్రం. రాగం ఊగుతోంది, పాట చివర గొంతులు గరగరమంటున్నాయి. బాగవుతుందా?

జవాబు: ఊపు తప్పక పోతుంది. నిమిషానికి 45 చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.33 సెకన్లు. ఊపు సరిగ్గా అదే లయలో వస్తుంటే, పైగా సూదిని మోసే చేయి (టోన్ ఆర్మ్) కుడి ఎడమలకు కదులుతుంటే, రికార్డు మధ్యకు కుదరలేదన్నమాట. 38 మి.మీ. రంధ్రాన్ని పూడ్చే బిళ్ల (అడాప్టర్) వదులుగా ఉంటే దాని అంచుకు ఒక చుట్టు టేపు వేయండి. రంధ్రమే పక్కకు పడి ఉంటే అడాప్టర్ తీసేయండి. రికార్డును తిప్పే పళ్లెం (ప్లేటర్) ఆపి రికార్డును కొద్దికొద్దిగా జరుపుతూ, ఆర్మ్ నిలకడగా సాగే చోటు పట్టుకోండి.

గరగరకు కారణం వేరు. లోపలి గాడుల్లో సూది కింద వినైల్ నెమ్మదిగా కదులుతుంది, అలలు ఇరుకవుతాయి. హాన్స్ వాన్ హెమర్ట్, పీట్ సౌర్ మలిచిన ఈ పాటకు మూడు గొంతులు కలిసి పలకడమే అందం. అందుకే దెబ్బ ముందు ‘స’ అక్షరాల మీద పడుతుంది. ముందు డిస్టిల్డ్ నీటితో, మెత్తని గుడ్డతో గాడి వెంబడే తుడవండి, లేబుల్ తడవకూడదు. తర్వాత సూది గాడిని ఒత్తే బరువు చూడండి. సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్‌కు 1.5–2 గ్రాములని రాసి ఉంటే 2 దగ్గర పెట్టండి. తక్కువ బరువే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు, ఎగిరే సూదే గాడిని చెక్కేస్తుంది. అప్పటికే చెక్కుకుపోయి ఉంటే మాత్రం మరో ప్రతి వెతకాల్సిందే.