తాతగారి పైపు గొట్టం పచ్చబడితే

తాతగారు పొగాకు తాగిన పాత పైపు పాడైపోయిందా అని అడిగారు కదా, పాడవలేదండీ, టెన్షన్ వద్దు. నోట్లో పెట్టుకునే నల్ల గొట్టం పచ్చబడి చేదుగా ఉందన్నారు, అది ఎబొనైట్ అయ్యుంటుంది, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, ఏళ్ల తరబడి ఎండా గాలీ తగిలితే గంధకం పైకి తేలి రంగూ రుచీ అలా మారిపోతాయి. గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ ఊడదీయండి. పైపు వేడిగా ఉన్నప్పుడు తీస్తే చెక్క చీలే ప్రమాదముంది. ఆటోనగర్‌లో కార్ల పెయింట్ సామాను అమ్మేచోట వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) అడిగి 600, 1000, 2000 నంబర్లు వరసగా తడుపుతూ రుద్దండి, ఓపిక కావాలి మరి. బ్లీచ్‌లో నానబెట్టమనే చిట్కా నాకు నచ్చదు, పైభాగం గరుకుదేలుతుంది.

గిన్నెలో, అంటే పొగాకు నింపే గుంటలో, పేరుకున్న మసి మొత్తం గీకేయకండి, మిల్లీమీటరు పొర ఉండాలి, చెక్క కాలకుండా కాపాడేది అదే. పాత కంపు పోవాలంటే గిన్నెలో దూది కుక్కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి రాత్రంతా వదిలేయండి. కొందరు ఉప్పు వాడతారు గానీ దూది క్షేమం. చెక్కను నీళ్లలో మాత్రం ముంచొద్దు. దానిమీద కంపెనీ ముద్ర ఉంటే అక్కడ పేపర్ తగలనివ్వకండి, పాత పైపు విలువంతా అందులోనే ఉంటుంది. బాగా ఆరాక కార్నూబా మైనం పట్టించి మెత్తటి గుడ్డతో తుడవండి.