అవతలాయన అడక్కుండానే కోర్టు కేసు కొట్టేసిందండి!

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మా ఆయన పోయాక చేతిలో ఉన్న రెండు లక్షలూ మా ఊరాయన రొయ్యల చెరువుకి కావాలంటే ప్రోనోటు రాయించుకుని ఇచ్చాను, 2022 మే 10న. 2024 సంక్రాంతికి ముప్ఫై వేలు తెచ్చి చేతిలో పెట్టాడు, అంతే, ఇక దాళ్వా అవ్వనీ పట్టుబడి అవ్వనీ అంటూ తిప్పాడు. 2025 జూలైలో దావా వేశాం. అతను ఒక్క వాయిదాకీ రాలేదు, లాయర్ని కూడా పెట్టలేదు. అయినా జడ్జిగారు టైం దాటిపోయిందని కొట్టేశారు. సుమోటో అంటే ఇదేనాండి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివితే మనసు పాడైంది. కానీ జడ్జిగారి తప్పు లేదండి. 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 ఏం చెప్తుందంటే, అవతలివాళ్ళు ఆ మాట ఎత్తినా ఎత్తకపోయినా గడువు దాటిన దావాని కోర్టు కొట్టెయ్యాల్సిందే. ప్రోనోటుకి రాసిన రోజు నుంచి మూడేళ్ళు. మీ ఆఖరి రోజు వేసవి సెలవల్లో పడినా కోర్టు తెరిచిన రోజే వేసుంటే నిలబడేది, జూలై అంటే ఆలస్యమే, పైగా దావా లేటుగా వేస్తే ఆ ఆలస్యాన్ని క్షమించే వీలు కూడా చట్టంలో లేదు.

నాకు అసలు బాధనిపించింది ఆ ముప్ఫై వేల దగ్గర. ఆ రోజు నోటు వెనకాల "ఇంత చెల్లు" అని తేదీ వేసి అతని చేత రాయించి సంతకం పెట్టించి ఉంటే అక్కణ్ణుంచి కొత్తగా మూడేళ్ళు వచ్చేవి, 2027 సంక్రాంతి దాకా. ఊళ్ళో మొహమాటానికి పోయి చాలామంది చెల్లు వేయించరు, దయచేసి వేయించండి.

సుమోటో అంటే ఇదేనా అన్నారు, అది కొంచెం వేరండి, ఎవరూ పిటిషన్ వెయ్యకుండానే కోర్టు తనే విషయం చేతిలోకి తీసుకోవడం. కరోనాలో సుప్రీంకోర్టు అలాగే తీసుకుని 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువుల్లో లెక్కపెట్టొద్దంది, దాంతో ఎన్నో పాత ప్రోనోట్లు బతికాయి. మీ నోటు ఆ తర్వాతది, అందుకే వర్తించలేదు.

ఇప్పుడు దారులేంటంటే, గడువు లోపల అతను బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందేమో ఇల్లంతా వెతకండి, ఉంటే 30 రోజుల్లో జిల్లా కోర్టులో అప్పీలు వెయ్యండి. లేకపోతే పెద్దమనుషుల్లో పెట్టి కొత్త కాగితం రాయించుకోండి. కోర్టు కొట్టేసినంత మాత్రాన బాకీ చెరిగిపోదు, కాలదోషం పట్టిన బాకీ అయినా తీరుస్తానని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 ప్రకారం అది చెల్లుతుంది. లాయరు ఫీజుకి భయపడకండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

ప్రశ్న: చెరువుల ఉప్పునీళ్ళు మా పంటకాలువలోకి వదిలేస్తున్నారు. పేపర్లో వస్తే కోర్టు తనే తీసుకుంటుందా? (రాజోలు వైపు రైతు)

జవాబు: తీసుకోవచ్చండి. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైతే మన హైకోర్టు, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ రెండూ తమంతట తామే తీసుకున్నాయి, ట్రిబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్లు కట్టమంది. ట్రిబ్యునల్‌కి ఆ అధికారం ఉందని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ తీసుకుని తీరాలని లేదు, ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోపు సార్వా పోతుంది. కాలువ ఫోటోలు, తేదీలు, చచ్చిన నారు ఫోటోలు పెట్టుకుని ముందు కలెక్టరు గారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.