మావాడు ఐటీఐ మాస్టారుగా పనికొస్తాడా?

ప్రశ్న: మావాడు ఫిట్టర్ ట్రేడ్‌లో ఐటీఐ పాసయ్యాడు, అప్రెంటిస్ కూడా అయింది. ఇప్పుడు సీఐటీఎస్ (ఐటీఐలో పాఠాలు చెప్పేవాళ్లకిచ్చే శిక్షణ కోర్సు) చేసి ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటున్నాడు. వాడికి నలుగురిలో నోరు పెగలదు. 70 వేలు కడితే డ్రోన్ ఇన్‌స్ట్రక్టర్‌ని చేస్తారని మా బావమరిది అంటున్నాడు. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, మీ అసలు బెంగ వేరు. వీడు పదిమంది ముందు నిలబడి పాఠం చెప్పగలడా, చెప్పలేకపోతే ఏడాది వృథా కాదా అని. ఏటా అడ్మిషన్లప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. ముందు దానికే జవాబు చెబుతాను.

సీఐటీఎస్‌లో ఉపన్యాసం అడగరు, పని చేసి చూపించమంటారు. ఏడాది కోర్సులో ట్రేడ్ ప్రాక్టికల్, థియరీలతో పాటు బోధనా పద్ధతులు ఒక సబ్జెక్టు. ప్రాక్టికల్స్‌లో 60 శాతం రావాలి, థియరీకి 40 చాలు, గ్రేస్ మార్కులుండవు. ట్రేడ్ బాగా వచ్చినవాళ్లు కూడా ఈ బోధన ప్రాక్టికల్ దగ్గరే తడబడతారు. మాట రాక కాదు, వరుస తప్పి.

ఆ వరుస నాలుగు మెట్లు: పిల్లల్ని పాఠానికి సిద్ధం చేయడం, చెప్పి చూపించడం, వాళ్లచేత చేయించడం, వచ్చిందో లేదో పరీక్షించడం. హాక్సాతో, అంటే ఇనుము కోసే రంపంతో, కోయడమే పాఠం అనుకోండి. చాలామంది లెసన్ ప్లాన్‌లో ‘హాక్సా గురించి తెలుసుకుంటారు’ అని రాస్తారు. తెలుసుకున్నాడో లేదో దేనితో కొలుస్తాం? ‘25 మి.మీ. చదరపు మైల్డ్ స్టీల్ ముక్కను గీసిన గీత దాటకుండా కోస్తాడు’ అని రాయాలి. ఇక చూపించేటప్పుడు జరిగే పెద్ద తప్పు, ముక్కను బిగించే వైస్ వైపు తిరిగి క్లాసుకు వీపు పెట్టడం. రెండోది, కోస్తూనే మాట్లాడడం. ఆ చప్పుడులో ఏదీ వినపడదు. చెప్పి ఆగాలి, కోయాలి, మళ్లీ ఆగి అడగాలి.

అడిగే ప్రశ్నలు కూడా ‘అర్థమైందా?’ లాంటివి కావు. బ్లేడు పళ్లు ఎటు చూడాలి? హ్యాండిల్‌కు అవతలి వైపుకి, ఎందుకంటే ముందుకు తోసినప్పుడే కోత పడుతుంది. మందపు మైల్డ్ స్టీలుకు 1.8 మి.మీ. పిచ్ (పన్నుకీ పన్నుకీ మధ్య దూరం) ఉన్న బ్లేడు వాడి, కరెంటు తీగలు పోయే పలచటి కండ్యూట్ పైపుకు 0.8 ఎందుకు? పెద్ద పళ్లయితే పైపు అంచు రెండు పళ్ల మధ్య సందులో ఇరుక్కుని పన్ను విరుగుతుంది. ఇలా ‘ఎందుకు’ చెప్పగలిగితే పరీక్షకుడికి కావలసింది దొరికినట్టే. మాట తక్కువున్న పిల్లలు ఈ పని చాలా బాగా చేస్తారు, చేతిమీద వాళ్లకు ధ్యాస ఎక్కువ.

డ్రోన్ సంగతి. ఆ రంగం మీద నాకు చిన్నచూపు లేదు, ఆ ఇన్‌స్ట్రక్టర్ అన్న మాట మీదే అనుమానం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం, పది పాసై 18 ఏళ్లు నిండినవాళ్లు, డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొంది పైలట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది. కానీ అది నడపడానికి, నేర్పడానికి కాదు. గాలి మారినప్పుడు, సిగ్నల్ పోయినప్పుడు, బ్యాటరీ పడిపోతున్నప్పుడు ఏం చేయాలో నేర్పాలంటే ముందు తను ఎన్నో గంటలు ఎగరేసి ఉండాలి. కొద్ది రోజుల క్లాసులతో అది వస్తుందా? పైగా శిక్షణ సంస్థలే ఆ ఉద్యోగమివ్వాలి, అవి ఎన్ని ఉన్నాయో దాన్నిబట్టే కొలువులు. డబ్బు కట్టేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందా, చేతికొచ్చే కాగితం ఏమిటి, ఎన్ని గంటలు ఎగరనిస్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుచేసి మాత్రం వద్దు.

సీఐటీఎస్ కూడా బంగారు పళ్లెం కాదు. ప్రభుత్వ ఐటీఐ పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, ప్రైవేటులో మొదట జీతం తక్కువే. కానీ ఇన్‌స్ట్రక్టర్ పోస్టుకు అడిగే కాగితం అదే, నేర్చిన ట్రేడూ చేతిలోనే ఉంటుంది. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఎన్‌ఎస్‌టీఐ (కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ) లాంటిచోట సీటుకి ప్రయత్నించమనండి. ప్రవేశ పరీక్షలో ట్రేడ్ ప్రశ్నలకు ఐటీఐలో చదివిన నిమి పాఠ్యపుస్తకాలు తిరగేయాలి.

ఇక మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ‘నోరు పెగలదు’ అని మీరు ఎంతమంది ముందు అని ఉంటారు? ఇంటికొచ్చిన చుట్టం ముందు కూడా తండ్రే ఆ మాట అంటుంటే, ఆ పిల్లాడు నోరు తెరిచేదెప్పుడు? ఈ రోజు నుంచి ఆ మాట మానేయండి.

ఈ ఆదివారం ఒక హాక్సా, మూరెడు ఇనప కడ్డీ తెచ్చి పెట్టండి. మీరు స్టూలు మీద విద్యార్థిలా కూర్చుని, కోయడం నేర్పమనండి. 20 నిమిషాలు చాలు. మధ్యలో అందుకోకండి, తప్పులు దిద్దకండి. ఆ తర్వాత మీరు కోయండి. గీత పక్కకు పోతే, ఎందుకు పోయిందో వాడినే అడగండి.