పదిహేను వేలలో ఇంటి స్టీరియో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా హాలు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పాత పాటలు, కచేరీలు వినడానికి రూ.15,000 లోపు సెట్టు కావాలి. షాపులో ‘12,000 వాట్స్ పీఎంపీవో’ అని రాసిన 5.1 హోమ్ థియేటర్ చూపించారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దండి. పీఎంపీవో (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అంకెకు ఒక లెక్కంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల నిజమైన వాట్లు ఎన్నో అడగండి. పాటలకు కావలసింది ఆరు చిన్న డబ్బాలు కాదు, రెండు మంచి స్పీకర్లు. తొమ్మిది వేలు వాటికే కేటాయించండి. మూడు నాలుగు వేలు ఆంప్లిఫయర్‌కు, మిగిలింది స్టాండ్లకు, వైర్లకు. ఒక మోస్తరు ఆంప్లిఫయర్‌కూ ఖరీదైనదానికీ తేడా పట్టుకోవడం కష్టం. స్పీకర్లు మారితే మాత్రం వంటింట్లో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది.

ఐదు లేక ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ ఇచ్చేది), విడిగా ట్వీటర్ (సన్నని శబ్దాలు ఇచ్చేది) ఉన్న బుక్‌షెల్ఫ్ (చిన్న సైజు) స్పీకర్ల జత వెతకండి. సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అని ఉంటే, ఒక్క వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. అలాంటి జతకు చెరో వాటు ఇస్తే ఎనిమిది అడుగుల అవతల కూర్చున్నా 80 డెసిబెల్స్ వస్తాయి. అప్పటికే గొంతు పెంచితే తప్ప పక్కవాళ్లకు మాట వినపడదు. 84 డెసిబెల్స్ స్పీకర్లతో అంతే శబ్దం కావాలంటే వాట్లు రెట్టింపు కావాలి. ఏ లెక్కన చూసినా ఛానెల్‌కు 25–30 నిజమైన వాట్లు మీ హాలుకు ధారాళం.

ఈ ధరలో టీపీఏ3116 చిప్ ఉన్న క్లాస్-డి (తక్కువ వేడెక్కే రకం) ఆంప్లిఫయర్ చాలు. చిక్కంతా దాంతో వచ్చే అడాప్టర్‌తోనే. 12 వోల్టులు, 2 ఆంపుల అడాప్టర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఎనిమిదీ తొమ్మిది వాట్లు దాటవు. వాల్యూమ్ ఇంకా పెంచితే శబ్దం పగులుతుంది, అలాగే వదిలేస్తే ట్వీటర్ కాలిపోవచ్చు. 24 వోల్టులు, 4 ఆంపుల అడాప్టర్ పెడితే అదే చిప్ 30 వాట్ల దాకా ఇస్తుంది. అయితే ఆంప్లిఫయర్ మీద 24 వోల్టులు పనికొస్తాయని రాసి ఉండాలి. ఇంకో జాగ్రత్త: ఈ రకం ఆంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్‌లో కూడా సిగ్నల్ ఉంటుంది. రెండు స్పీకర్ల మైనస్ వైర్లు ఒకచోట కలిపినా, ఎర్త్‌కు తగిలించినా చిప్ పోవచ్చు.

స్పీకర్ కేబుల్ పేరుతో వేలు పోయకండి. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు ఐదారు మీటర్ల దూరానికి బాగా పనిచేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ప్లగ్గులు, అడాప్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ స్పీకర్లు కొనేముందు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు జాలీ తీయించి వూఫర్ చుట్టూ ఉన్న రింగు చూడండి. ఫోమ్ రింగు అయితే మన ఉక్కకు ఏళ్లు గడిచేసరికి పొడిపొడిగా రాలుతుంది. రబ్బరుది చాలాకాలం ఉంటుంది. తర్వాత ఆ రింగు లోపలి కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమానంగా, మెల్లగా నొక్కండి. గరగరమంటే లోపల కాయిల్ రాసుకుంటోంది, వదిలేయండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు మల్టీమీటర్‌లో ఐదున్నర నుంచి ఏడు దాకా చూపిస్తే సరే. అయితే ట్వీటర్‌కు ముందు, మీటరు కరెంటును ఆపేసే కెపాసిటర్ ఉంటుంది కాబట్టి ట్వీటర్ పోయిన సంగతి మీటరు చెప్పదు. పాట పెట్టించి, ఒక్కో ట్వీటర్ దగ్గర చెవి పెట్టాల్సిందే.

ప్రశ్న: కొత్త స్పీకర్లు బిగించాం. శబ్దం బాగానే ఉంది కానీ బేస్ లేదు. గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారై ఉంటాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, ఆ రెండూ కలిసి బేస్ చెల్లిపోతోంది. ఏదో ఒక్క స్పీకర్ దగ్గర వైర్లు మార్చి, వార్తలు పెట్టి వినండి. చదివేవారి గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి.

ప్రశ్న: టీవీని ఆంప్లిఫయర్‌కు కలిపితే చాలు, గుయ్యిమని ఒకటే మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పోవచ్చు. కానీ ఎప్పుడైనా లోపల షార్ట్ అయితే ఆంప్లిఫయర్ బాడీకే కరెంటు వస్తుంది. ఆ పని చేయనివ్వకండి. సెట్ టాప్ బాక్స్ వెనకున్న కేబుల్ టీవీ వైరు ఒకసారి ఊడదీసి చూడండి. మోత ఆగిందంటే ఆ వైరు ద్వారా ఒక ఎర్త్, ప్లగ్గు ద్వారా ఇంకో ఎర్త్ కలిసి వలయం ఏర్పడినట్టే. టీవీకి ఆప్టికల్ అవుట్ ఉంటే చిన్న డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చేలా మార్చే పెట్టె) కొని, దాని ద్వారా ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. ఆప్టికల్ కేబుల్‌లో వెళ్లేది వెలుతురే కాబట్టి వలయం తెగుతుంది. టీవీ సెట్టింగులలో ఆడియోను పీసీఎంకు (మామూలు డాక్‌కు అర్థమయ్యే రూపం) మార్చడం మరవద్దు. డాల్బీలో ఉంటే మామూలు డాక్‌లోంచి అసలు శబ్దమే రాకపోవచ్చు, లేదా కరకరలు వస్తాయి. ఆ కేబుల్ టీవీ వైరు తీసినా మోత ఆగకపోతే ఆంప్లిఫయర్‌కు పెట్టిన ఆర్‌సీఏ వైరు (ఎరుపు, తెలుపు పిన్నులది) మార్చి చూడండి.

ప్రశ్న: స్పీకర్లు బీరువా మీద, గోడకు ఆనించి పెట్టాం. బేస్ బొంగురుగా గుమ్ముమంటోంది. గోడలకు దుప్పట్లు కడితే తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: దుప్పట్లు ట్వీటర్ శబ్దాన్ని తగ్గిస్తాయి, బేస్‌ను ఏమీ చేయలేవు. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56 హెర్ట్జ్ (సెకనుకు 56 ఊపులు) దగ్గర, పన్నెండు అడుగులుంటే 47 దగ్గర గదిలోని గాలే ఊగిసలాడి ఆ బేస్‌ను పెంచుతుంది. ఆ శబ్దతరంగం పొడవు ఆరేడు మీటర్లు, పలచని దుప్పటి దాన్ని పీల్చలేదు. స్పీకర్లను కిందికి దించి, ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తుకు వచ్చేలా స్టాండ్ల మీద పెట్టండి. వెనక గోడకు అడుగున్నర, మూలలకు అంతకంటే ఎక్కువ దూరం ఉంచండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో ఒక్కో స్పీకర్ నుంచి మీ కుర్చీకీ అంతే ఉండాలి. కుర్చీ వెనక గోడకు ఆనకూడదు, గదికి నట్టనడుమా ఉండకూడదు. ఇంత చేసినా గుమ్ముమంటుంటే స్పీకర్ వెనకున్న రంధ్రంలో ఉతికిన మేజోడు ఒకటి కుక్కండి.